మగ్గం పని చేసే గర్భిణికి మెడ నొప్పి, తలనొప్పి: ఒక ఫిజియోథెరపీ కేసు

ఏప్రిల్ నెల, విశాఖలో ఉక్కపోత మొదలైన రోజులు. ఎంవీపీ కాలనీలోని మా క్లినిక్‌కి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి 27 ఏళ్లు, 9వ వారం గర్భం. కుర్చీలో కూర్చోకముందే అత్తగారు అన్న మొదటి మాట: "డాక్టరమ్మా, మెడ గట్టిగా నొక్కకండమ్మా. కిందటేడు ఒకటి పోయింది." కోడలు ఏమీ మాట్లాడలేదు. కుడి చేత్తో మెడ వెనక పట్టుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది.

వాళ్ల గైనకాలజిస్టు చీటీలో రెండే వాక్యాలు రాశారు. మెడ నొప్పి, కుడివైపు తలనొప్పి, మూడు వారాలుగా. మందులు వేసుకోవడానికి పేషెంటు ఇష్టపడటం లేదు, చూడగలరు.

ఈ కేసు ఆమె అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మొదటి మూడు నెలల్లో తలనొప్పితో వచ్చే ఆడవాళ్లకు మన దగ్గర దొరికేవి సాధారణంగా రెండు జవాబులు. ఒకటి, "వేవిళ్లలో అంతేనమ్మా, ఓర్చుకో". రెండోది, "కడుపుతో ఉన్నప్పుడు ఫిజియో చేయకూడదు". రెండూ ఆమెను నొప్పితోనే ఇంటికి పంపేస్తాయి. చేయగలిగింది చాలా ఉందని నాకు తెలుసు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇందులో నేను మొదటి రోజు అడగని ప్రశ్న ఒకటుంది, దాని గురించీ చెబుతాను.

ఆమె చెప్పింది

ఆమె మగ్గం వర్కు చేస్తుంది. హనుమంతవాక దగ్గర కొండవాలులో ఇల్లు. డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో మరో నలుగురితో కలిసి పెళ్లి జాకెట్లకు పూసలు, జర్దోసీ కుడుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున 10 నుంచి రాత్రి 7 వరకు. జీతం కాదు, జాకెట్‌కి ఇంత అని లెక్క. ముహూర్తాలు దగ్గర పడితే తొమ్మిదింటికి కూడా లేవరు. మగ్గం నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దాని ముందు బాసింపట్టు వేసుకుని, చట్రం మీదకి వంగి, ఒక చెయ్యి గుడ్డ పైన, ఒకటి కింద పెట్టి కుట్టాలి. తల దాదాపు ఛాతీకి ఆనుతుంది.

"బుర్ర వెనకాల మొదలై కంటి మీదకి లాగేస్తుంది మేడం. సాయంత్రానికి ఆ పక్క దువ్వెన కూడా పెట్టలేను" అంది. మెడ నొప్పి రెండేళ్లుగా వస్తూ పోతూ ఉండేదట, కానీ తలనొప్పి ఇంతగా ఎప్పుడూ లేదు. ఆరో వారం నుంచి వాంతులు. రోజుకి నాలుగైదుసార్లు. అవి మొదలైన వారంలోనే తలనొప్పీ మొదలైంది.

రాత్రి పుల్లటి తేన్పులు వస్తున్నాయని రెండు బూరుగు దూది దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని వెల్లకిలా పడుకుంటోంది. ఈ సంగతి అడిగితే గానీ చెప్పలేదు. బిళ్లలేమీ వేసుకోలేదు, ఫోలిక్ యాసిడ్ తప్ప. తలనొప్పి బామ్ కొద్దిగా రాసుకుంటే ఆ వాసనకే వాంతయిందట. కిందటేడు ఎనిమిదో వారంలో గర్భం పోయింది. ఆ సమయంలో జ్వరానికి ఒక బిళ్ల వేసుకుందట, దానివల్లే పోయిందని ఇంట్లో అందరి నమ్మకం. అసలు భయం అక్కడుంది.

ముట్టుకోకముందు చూసుకోవాల్సినవి

గర్భిణి తలనొప్పి అని వస్తే చేతులు మెడ మీద పెట్టడానికి ముందు నేను కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను, ఎంత రద్దీ ఉన్నా సరే. నొప్పి ఒక్కసారిగా, పిడుగు పడ్డట్టు, క్షణాల్లో పతాకస్థాయికి చేరిందా? జ్వరం ఉందా, మెడ ముందుకు వంచలేనంత బిగిసిందా? చూపు మసకబారిందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా? మాట తడబడటం, మింగలేకపోవడం, ముఖంలో గానీ చేతిలో గానీ తిమ్మిరి, నడకలో తూలు ఉన్నాయా? ఫిట్స్ వచ్చాయా? మెడ మీద ఈ మధ్య దెబ్బ తగిలిందా, సెలూన్‌లోనో ఎక్కడో మెడ "విరిపించుకున్నారా"?

వాంతులు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇంకొకటి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దానికి తోడు ఒంట్లో నీరు తగ్గితే మెదడు నుంచి రక్తం తీసుకెళ్లే సిరల్లో గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంటుంది. అరుదు, కానీ మొదటి మూడు నెలల్లోనూ వస్తుంది. రోజురోజుకీ పెరుగుతూ, పడుకుంటే, దగ్గితే, ముక్కితే ఎక్కువయ్యే తలనొప్పి, చూపులో తేడా, ఫిట్స్ — వీటిలో ఏది ఉన్నా ఆమె ఉండాల్సింది ఆసుపత్రి ఎమర్జెన్సీలో, నా బల్ల మీద కాదు. ఈమె నొప్పి పడుకుంటే తగ్గుతుంది, మెడ వంచితే పెరుగుతుంది. నీళ్లు, మజ్జిగ నిలుస్తున్నాయి, మూత్రం బాగానే వస్తోంది. బరువు కిలోన్నర తగ్గింది. డాక్టరు చేయించిన మూత్ర పరీక్షలో కీటోన్లు (తిండి చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటోందని చెప్పే గుర్తు) లేవు.

బీపీ 108/70. ఏడో వారం స్కాన్‌లో బిడ్డ గుండె చప్పుడు బాగుంది. హిమోగ్లోబిన్ 10.2. గర్భిణికి 11 కంటే తక్కువైతే రక్తహీనత అంటాం, ఇది స్వల్పస్థాయి. దాని సంగతి డాక్టరు చూసుకుంటున్నారు. నాడీ పరీక్షలు, అంటే చేతుల బలం, స్పర్శ, రిఫ్లెక్సులు, కళ్ల కదలికలు, ముఖం, నడక అన్నీ మామూలుగా ఉన్నాయి.

ఇది పార్శ్వపు నొప్పా, మెడ తలనొప్పా?

ఒంటి చెంప తలనొప్పికి తోడు వాంతులు అంటే ఎవరికైనా ముందు మైగ్రేనే తడుతుంది. మామూలుగా వికారం ఉందా లేదా అన్నది మైగ్రేన్‌ను గుర్తించడంలో పెద్ద ఆధారం. వేవిళ్లలో ఆ ఆధారం పనికిరాదు. అందుకే నేను వికారాన్ని పక్కనపెట్టి మిగతావి చూశాను. నొప్పి ఎప్పుడూ కుడివైపే, పక్క మారదు. టకటకా కొట్టుకునేది కాదు, లాగేసే నొప్పి. వెలుతురు, చప్పుడు ఇబ్బంది పెట్టవు. ఎండలో బస్టాపులో నిలబడినా తేడా లేదట. ఇంట్లో ఎవరికీ మైగ్రేన్ లేదు. వాంతి చేసుకుంటే మైగ్రేన్ కొందరికి కాస్త తేలికపడుతుంది. ఈమెకు వాంతి తర్వాత నొప్పి పెరుగుతుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

మెడ పరీక్షలో తల కుడివైపు 58 డిగ్రీలు తిరిగింది, ఎడమకు 70. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి తగిలేలా మెడ పూర్తిగా వంచి, అలాగే పట్టుకుని తల పక్కలకు తిప్పాను. ఇలా వంచినప్పుడు కింది మెడ కీళ్లు బిగుసుకుంటాయి కాబట్టి తిరుగుడంతా దాదాపు మొదటి రెండు వెన్నుపూసల మధ్యే జరుగుతుంది. మామూలుగా ఒక్కో వైపుకి సుమారు 44 డిగ్రీలు రావాలి. ఈమెకు ఎడమకు 40 వచ్చింది, కుడికి 24 దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఆగినప్పుడు "అదే, కంటి మీద అదే వచ్చింది" అంది. రెండో, మూడో పూసల మధ్య కుడి కీలు మీద వేలితో మెల్లగా నొక్కినా అదే నొప్పి కనుబొమ్మ మీదకి వచ్చింది, వేలు తీసిన కొన్ని సెకన్లకు పోయింది.

మెడ నుంచి కంటికి నొప్పి ఎలా వెళ్తుందని అత్తగారు అడిగారు, మంచి ప్రశ్న. మెడ పైభాగంలోని మొదటి మూడు నరాలు, నుదురు, కళ్ల దగ్గర నుంచి వచ్చే ట్రైజెమినల్ నరం వెన్నుపాము పైకొసలో ఒకేచోట కలుస్తాయి. రెండు వీధుల ఉత్తరాలూ ఒకే పోస్టాఫీసుకి వచ్చినట్టు. ఏ వీధిదో మెదడుకి పోల్చుకోవడం కష్టమై, మెడ నొప్పిని నుదుటి నొప్పిగా లెక్కేస్తుంది. ఈ రకం తలనొప్పిని సెర్వికోజెనిక్ హెడేక్ అంటాం, తెలుగులో మెడ తలనొప్పి అంటే సరిపోతుంది.

మెడ ముందువైపు లోతుగా ఉండే చిన్న కండరాలు కూడా బాగా నీరసించాయి. మెడ కింద ఒత్తిడి కొలిచే గాలిసంచి పెట్టి, దాని మీటరు 20 (మి.మీ. పాదరసం) దగ్గర ఉండగా మొదలుపెట్టి చిన్నగా "అవును" అన్నట్టు తల ఊపించి చూస్తే, 22 దాటి పది సెకన్లు నిలపలేకపోయింది. నొప్పి లేనివాళ్లు మామూలుగా 26 నుంచి 30 వరకు నిలుపుతారు. మెడ నొప్పి రోజువారీ పనులకి ఎంత అడ్డమవుతోందో కొలిచే నెక్ డిసెబిలిటీ ఇండెక్స్ ప్రశ్నలు తెలుగులో చదివి వినిపిస్తే 50కి 21 వచ్చింది, ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువని. సాయంత్రం తలనొప్పి పదికి ఏడు అంది.

మొదటి రోజు చేసినవి, చేయనివి

మా క్లినిక్‌కి వచ్చే చాలామందికి ఫిజియో అంటే కరెంటు పెట్టడం. పెట్టకపోతే వైద్యం జరగలేదనుకుంటారు. మొదటి మూడు నెలల్లో నేను ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి కరెంటు యంత్రాలు వాడను, జాగ్రత్త కోసం. ఆ అవసరం పడేంత కేసులూ తక్కువే. రేడియో తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే షార్ట్‌వేవ్ డయాథర్మీ గర్భిణులకు అసలు పనికిరాదు. ఇంకో సంగతి తోటి ఫిజియోలకు చెప్పాలి: పక్క గదిలో ఆ యంత్రం నడుస్తుంటే గర్భిణిని దాని దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టడం కూడా సరికాదు. ఈమెకు అది ఆపి ఉండే వేళలే ఇచ్చాను. మెడను లాగే ట్రాక్షన్, "టక్" మనిపించే మానిప్యులేషన్ కూడా చేయలేదు.

చేసింది ఇది. పక్కకు తిరిగి పడుకోబెట్టి, రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టి, పుర్రె కింద మెడ మొదట్లో ఉండే చిన్న కండరాల మీద వేళ్లు ఆనించి, ఆమె తల బరువుతోనే అవి మెత్తబడేదాకా ఆగాను. భుజం మీది కండరానికి నెమ్మదిగా ఒత్తిడి ఇచ్చాను. నూనె వాడలేదు. సీసా మూత తీయగానే ఆమె ముఖం మారిపోయింది, వెంటనే మూత పెట్టేసి పల్చటి కాటన్ గుడ్డ మీద నుంచే చేశాను. అప్పటి నుంచి నెల తప్పినవాళ్లు ఎవరొచ్చినా నూనెకి ముందు వాసన పడుతుందా అని అడుగుతున్నాను.

అత్తగారి భయం గురించి ఆమె ఎదురుగానే మాట్లాడాను. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగం దాకా బిడ్డ క్రోమోజోముల్లో లోపం వల్లే పోతాయి. మెడ మీద చెయ్యి వేయడం వల్లో, మగ్గం ముందు కూర్చోవడం వల్లో పోయేవి కావు. "అప్పుడు నువ్వు చేసిన తప్పేమీ లేదమ్మా" అన్నాను. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడాదిగా ఆమెకు ఎవరూ ఆ మాట చెప్పలేదట.

చికిత్స అయ్యాక లేచి నిలబడగానే తల తిరిగింది. బీపీ 96/60. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు చెప్పింది. పక్కకి పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ తాగించి, రెండు బిస్కెట్లు తినిపించాక పావుగంటలో 104/68కి వచ్చింది. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే అడగాల్సిన విషయం అది. ఆ తర్వాత ఆమెకు మధ్యాహ్నం మూడింటి వేళే ఇచ్చాను, వాంతుల జోరు అప్పటికి తగ్గుతుంది. బల్ల మీద నుంచి దిగేముందు రెండు నిమిషాలు కూర్చోబెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఇంటికి చెప్పినవి మూడే. దిండు ఒకటే, పక్కకు తిరిగి పడుకోవాలి. తేన్పుల కోసం దిండ్లు పెంచే బదులు మంచం తలవైపు కాళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయాలి. వాంతి వచ్చినప్పుడు ఒక చెయ్యి నుదుటికి, ఒకటి మెడ వెనక ఆనించాలి. వాంతి బయటకు నెట్టే ఊపులో మెడ వెనక కండరాలు ఒక్కసారిగా బిగుస్తాయి. రోజుకి అయిదుసార్లు అలా జరిగితే అప్పటికే నొప్పిగా ఉన్న కీలుకి విశ్రాంతి ఎక్కడిది? వాంతి తర్వాత నొప్పి పెరగడానికి కారణం అదే. వెనకటి ఆడవాళ్లు వాంతి చేసుకునేవాళ్ల తల పట్టుకునేవారు, ఆ చెయ్యి చేసే మేలు చిన్నది కాదు.

నొప్పి బిళ్ల గురించి నేను నిర్ణయించను. కానీ ఆమె ఫోన్లో చూసిన వీడియో చూపించింది: పారాసెటమాల్ వేసుకుంటే బిడ్డకు ఆటిజం వస్తుందని. 2024లో స్వీడన్‌లో 24 లక్షలకు పైగా పిల్లల మీద చేసిన పరిశోధనలో తోబుట్టువులను ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే అలాంటి సంబంధం కనిపించలేదని చెప్పి, గైనకాలజిస్టుకి అక్కడే ఫోన్ చేసి మాట్లాడించాను. అవసరమైతే 500 మిల్లీగ్రాములది ఒకటి వేసుకోమని ఆవిడ చెప్పారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, వాటి జెల్స్‌తో సహా, తన చీటీ లేకుండా వద్దన్నారు. మెడికల్ షాపులో "తలనొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడగొద్దని కూడా చెప్పారు, ఎందుకంటే అలా ఇచ్చే బిళ్లల్లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి.

మగ్గం ఎత్తు

పని మానేయమని చెప్పడం తేలిక. జాకెట్‌కి ఇంత అని సంపాదించే మనిషికి ఆ సలహా ఎందుకూ పనికిరాదు. తల సుమారు అయిదు కిలోల బరువు. నిటారుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద పడుతుంది. ముందుకి వంగే కొద్దీ మెడ వెనక కండరాలు పట్టి ఆపాల్సిన భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తొమ్మిది గంటలు ఆ భారాన్ని మోస్తున్న మెడకు వారానికి అరగంట నా చేతులు ఏం సరిపోతాయి?

వర్క్‌షాపు ఫోటో ఒకటి పంపమన్నాను. చూస్తే మగ్గం కర్రలు రెండు పొట్టి పీటల మీద ఉన్నాయి. ఆమె భర్త వెల్డింగ్ పనివాడు. మూడు రోజుల్లో ఇనుప పైపులతో రెండు స్టాండ్లు చేశాడు, కుర్చీలో కూర్చుంటే మగ్గం మోచేతుల ఎత్తుకి వచ్చేలా. ఒక స్టాండు రెండోదానికంటే నాలుగు వేళ్లు ఎత్తు, అంటే గుడ్డ ఆమె వైపుకి వాలుతుంది. కింద నుంచి దారం అందించే చెయ్యికి మోకాళ్లు అడ్డం రాకుండా కొలతలు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. పైన ట్యూబ్‌లైటు చాలక పక్కన ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టించారు. కళ్లకి కనిపించకపోతే కుర్చీ ఎంత బాగున్నా మనిషి వంగుతుంది.

విరామానికి అలారం పెట్టమంటే కుదరదంది, పక్కవాళ్లు విసుక్కుంటారట. ఒక బుటా పూర్తయిన ప్రతిసారీ సూది కింద పెట్టాలని అనుకున్నాం. అప్పుడు భుజాలు వెనక్కి, గడ్డం కొంచెం లోపలికి, అయిదు శ్వాసలు. బుటాకి పాతిక నిమిషాలు పడుతుంది కాబట్టి లెక్క సరిపోయింది.

ఆదివారం

రెండో వారం వచ్చేటప్పటికి సాయంత్రపు నొప్పి ఏడు నుంచి అయిదుకి దిగింది. పడుకోబెట్టి చూస్తే కుడి తిరుగుడు 31 డిగ్రీలు. నేను సంతోషించాను. ఆమె మాత్రం "ఆదివారం చచ్చిపోతున్నాను మేడం" అంది.

మొదటి రోజే గోడ క్యాలెండర్ మీద రోజూ నొప్పి గుర్తు పెట్టమన్నాను. ఫోటో తీసి తెచ్చింది. సోమవారం నుంచి శనివారం వరకు అంకెలు తగ్గుతున్నాయి. ఆదివారాలు రెండూ ఏడు. పనిలేని రోజు, మగ్గం ముట్టని రోజు, మధ్యాహ్నం పడుకునే రోజు. నా మెడ సిద్ధాంతం ప్రకారం అవి అతి తక్కువ నొప్పి ఉండాల్సిన రోజులు.

ఆదివారం నొప్పి ఎలా ఉంటుందని మళ్లీ మొదటి నుంచి అడిగాను. తలంతా బరువు, రెండు వైపులా, ఒళ్లు మబ్బుగా, చిరాకు. కుడి కంటి మీద లాగేది కాదు. పొద్దున పదకొండుకి మొదలై సోమవారం వర్క్‌షాపుకి వెళ్లాక గంటలో తగ్గిపోతుంది. వర్క్‌షాపులో ఏముంటుందని అడిగాను. జవాబు చెప్పడానికి ఆమె తలుపు వైపు చూసింది, అత్తగారు బయట ఉన్నారా అని. "టీ."

రోజుకి అయిదారు చిన్న గ్లాసులు. ఇంట్లో టీ, కాఫీ రెండూ బంద్, "వేడి చేస్తుంది" అని అత్తగారు మొదటి నెలలోనే ఆపించారు. వర్క్‌షాపులో ఆరు రోజులు తాగి, శనివారం సాయంత్రం ఆఖరి గ్లాసు తర్వాత సోమవారం దాకా ఒక్క చుక్క లేదు. రోజూ 100 మిల్లీగ్రాముల కెఫీన్ అలవాటున్నవాళ్లకి కూడా అది ఆపితే తలనొప్పి రావచ్చు. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. శనివారం ఆరింటి నుంచి ఆదివారం పదకొండుకి పదిహేడు గంటలు. ఇలా వారం వారం ఆపి మళ్లీ మొదలుపెడుతుంటే ఆ తలనొప్పి ఎప్పటికీ తీరదు.

ఆమెకు ఉన్నది ఒక తలనొప్పి కాదు, రెండు. మెడ పరీక్షలో నొప్పి అచ్చుగుద్దినట్టు దొరికేసరికి నేను అక్కడితో అడగడం ఆపేశాను. ఏం తాగుతారు, ఎప్పుడు తాగుతారు అన్నది గర్భిణి తలనొప్పిలో మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు మా ఫారంలో బీపీ గడి పక్కనే టీ, కాఫీ గడి కూడా ఉంది.

అత్తగారిని లోపలికి పిలవమంటారా అని ఆమెను అడిగాను. కాసేపు ఆలోచించి సరే అంది. దాచి తాగుతోందని నేను చెప్పలేదు. గర్భంలో కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే చాలని, పూర్తిగా మానాలని లేదని, ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుందని, మీ కోడలికి ఆదివారాలు వచ్చేది అలాంటిదే కావచ్చని చెప్పాను. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలి వైపు తిరిగి, "తాగుతున్నావని నాకు తెలుసులే, వాసన తెలీదా?" అన్నారు. కోపంగా కాదు.

రోజుకి రెండు చిన్న గ్లాసులని అనుకున్నాం. పొద్దున ఒకటి, నాలుగింటికి ఒకటి, ఆదివారంతో సహా. అయిదు నుంచి రెండుకి ఒక్కరోజులో కాకుండా పది రోజుల్లో తగ్గించాం. అన్నానికి గంట ముందో, గంట తర్వాతో తాగాలి, ఎందుకంటే తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది, ఈమెకు హిమోగ్లోబిన్ ముందే తక్కువ. ఆదివారం పొద్దుటి గ్లాసు అత్తగారే పెట్టి ఇస్తారు.

మిగతా వారాలు

అయిదు వారాల్లో ఆరుసార్లు చూశాను. మూడోసారి నుంచి తువ్వాలుతో చేసే వ్యాయామం నేర్పాను. తువ్వాలు అంచును పుర్రె అంచు కింద మెడ మొదట్లో ఆనించి, చేత్తో ముందుకి అడ్డంగా లాగుతూ తలను కుడివైపు నెమ్మదిగా తిప్పడం. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు బ్రయాన్ ముల్లిగన్ పద్ధతుల్లో ఇదొకటి. నొప్పి అస్సలు రాకూడదు. వస్తే తువ్వాలు ఉన్నచోటు తప్పు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, అంతకంటే వద్దు. ఇది వీడియో చూసి చేసేది కాదు, ఒకసారి ఎవరైనా చేయి పట్టి నేర్పాలి.

లోపలి కండరాల కోసం "అవును" అన్నట్టు తల ఊపడం, పది సెకన్లు చొప్పున పదిసార్లు. మొదట్లో నాలుగుకే అలసిపోయేది. భుజం పలకలను వెనక్కి, కిందికి లాగి పట్టుకోవడం గోడకు ఆనుకుని చేయించాను. కొండవాలు మెట్ల మీద నీళ్ల బిందె మోయడం భర్త తీసుకున్నాడు. అది వ్యాయామం కాకపోయినా భుజాలకు దానంత మేలు ఇంకేదీ చేయలేదు.

మెడ మీద వేడి కాపడం పెట్టొచ్చా అని అడిగింది. గోరువెచ్చని నీళ్ల సంచి పది నిమిషాలు మెడకు పెట్టుకుంటే నష్టం లేదు, ఒళ్లంతా వేడెక్కే స్నానాలు మాత్రం వద్దు. ఏప్రిల్ ఎండకి ఆమెకు చల్లటి తడిగుడ్డే హాయిగా ఉంది, అదే చేయమన్నాను.

13వ వారం చివర్లో ఆఖరిసారి చూసినప్పుడు లెక్కలు ఇలా ఉన్నాయి. సాయంత్రం నొప్పి ఏడు నుంచి రెండుకి. ఆదివారాలు సున్నా లేదా ఒకటి. కుడి తిరుగుడు 24 నుంచి 38 డిగ్రీలకు. గాలిసంచి 28 దాకా. నెక్ డిసెబిలిటీ ఇండెక్స్ 21 నుంచి 6కి. పారాసెటమాల్ మొత్తం మూడుసార్లు వేసుకుంది, భయపడకుండా. వచ్చిన ప్రతిసారీ బీపీ చూశాను, ఎప్పుడూ 116/74 దాటలేదు.

ఇందులో నా చేతి పని ఎంత? 2002లో ఆస్ట్రేలియాలో గ్వెన్ జల్ బృందం 200 మంది మీద చేసిన పరిశోధనలో చేతి చికిత్స, మెడ వ్యాయామాలు మెడ తలనొప్పిని తగ్గించాయి, ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే అది గర్భిణుల కోసం చేసిన పరిశోధన కాదు. పైగా 12వ వారం దాటాక ఈమెకు వాంతులు వాటంతట అవే తగ్గాయి, నిద్ర కుదిరింది. వాటి వల్ల కూడా మెడ తేలికపడి ఉంటుంది. స్టాండు వచ్చిన వారం అంకెల్లో పెద్ద తేడా కనిపించింది కాబట్టి, ఒక్కటే ఎంచుకోమంటే నేను భర్త చేసిన ఆ ఇనుప స్టాండునే ఎంచుకుంటాను. రెండోది టీ.

పంపేముందు తల్లీబిడ్డల కార్డు వెనక నా చేత్తో రాసి, చదివించి, అత్తగారికి కూడా వినిపించాను: 20వ వారం దాటాక కొత్తగా తలనొప్పి వస్తే, కళ్ల ముందు మెరుపులు, చూపు మసక, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ముఖం, చేతుల వాపు కనిపిస్తే మెడ అనుకోవద్దు, టీ అనుకోవద్దు, నాకు ఫోన్ చేయవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి బీపీ, మూత్రం చూపించుకోవాలి. మెడ తలనొప్పి ఉందని ఒకసారి పేరుపడ్డాక తర్వాత వచ్చే ప్రతి తలనొప్పినీ అదే ఖాతాలో వేసేస్తారు, ఆ భయం నాకు ఎప్పుడూ ఉంటుంది.

కుడి తిరుగుడులో ఇంకా ఆరు డిగ్రీల లోటు ఉంది. సన్నపూసలు కుట్టేటప్పుడు స్టాండు ఉన్నా వంగుతున్నానని ఆమే చెప్పింది. పొట్ట పెరిగాక మగ్గానికి దూరం పెరుగుతుంది, అప్పుడు కుర్చీ కొలత మళ్లీ చూడాలి, అందుకని ఆరో నెలలో ఒకసారి రమ్మన్నాను. కాన్పయ్యాక రెండో వారంలో కూడా ఒకసారి, బిడ్డకు పాలిచ్చేటప్పుడు మెడ ఎలా పెడుతోందో చూడటానికి.